రెండో డిస్కు నుంచి లేస్తేనే

యునిక్స్ సర్వర్లలో డిస్కు పోవడం పెద్ద వార్త కాదు. ఏళ్ల తరబడి రాత్రింబవళ్లు తిరిగే పళ్లెం, దాని మీద వెంట్రుక మందం కన్నా ఎన్నో రెట్లు తక్కువ ఎత్తులో కదిలే హెడ్డు ఏదో ఒక రోజు మొరాయిస్తాయి. ఆ రోజున సర్వర్ ఆగకూడదనే బూట్ డిస్కును జంటగా పెడతారు. ప్రతి రాతా రెండు డిస్కుల మీదా పడుతుంది. ఒకటి పోయినా రెండోది పని నడిపిస్తుంది, బ్యాంకు కౌంటర్ ముందు నిలబడ్డ మనిషికి ఆ సంగతే తెలియదు. పోయిన డిస్కు తీసేసి, కొత్తది పెట్టి, జంటను మళ్లీ నిలబెట్టే బాధ్యత మాత్రం ఒక అడ్మిన్ మీద పడుతుంది.

సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ పనితనానికి ఇంతకు మించిన పరీక్ష లేదని నేను నమ్ముతాను. కారణం ఒక్కటే: ఇక్కడ తప్పు చేసినా ఆ పూట కనబడదు. సర్వర్ నడుస్తూనే ఉంటుంది, టికెట్ మూసేస్తారు, అందరూ ఇళ్లకు వెళ్తారు. ఆ తప్పు ఎప్పుడో రెండో డిస్కు కూడా పోయిన రాత్రి బయటపడుతుంది.

జంట డిస్కుల ఆలోచన పాతదే. టాండెం కంపెనీ తన యంత్రాల్లో దాన్ని ముందే వాడింది. 1988లో బర్కిలీ నుంచి డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ ప్రచురించిన రెయిడ్ పత్రం దానికి మొదటి స్థాయి అని నంబరు వేసింది. కొన్న స్థలంలో సగమే వాడుకోగలం కాబట్టి అన్నిటికన్నా ఖరీదైన పద్ధతి ఇదేనని కూడా ఆ పత్రం చెప్పింది. ఆ ఖర్చుకు తగిన ఫలం దక్కేది మరమ్మతు సరిగ్గా జరిగినప్పుడే.

నేను ఉదాహరణగా తీసుకునేది సన్ మైక్రోసిస్టమ్స్ వారి సోలారిస్. స్పార్క్ సర్వర్ల మీద డిస్క్‌సూట్ అనే పేరుతో ఉన్న, జంట డిస్కులను నడిపే మిర్రర్ సాఫ్ట్‌వేర్ 2002లో సోలారిస్ 9తో పాటు సోలారిస్ వాల్యూమ్ మేనేజర్ అయింది. హైదరాబాదులో కూర్చుని ఎక్కడో విదేశీ డేటా సెంటర్లోని సర్వర్లను రాత్రి షిఫ్టుల్లో కాచిన తెలుగు కుర్రాళ్లు, అమ్మాయిలు చాలామంది ఈ పనిని అక్కడే, సీనియర్ల పక్కన కూర్చుని నేర్చుకున్నారు.

ముందు ఈ జంట ఎలా కుదురుతుందో తెలియాలి. రూట్ ఫైల్ సిస్టమ్ డీ0 అనే మిర్రర్ మీద ఉంటుంది. దాని కింద డీ10, డీ20 అని రెండు సబ్‌మిర్రర్లు, ఒక్కో డిస్కుకు ఒకటి. స్వాప్‌కూ వార్ ఫైల్ సిస్టమ్‌కూ ఇలాగే వేరువేరు మిర్రర్లు. కట్టేటప్పుడు మొదట డీ10 ఒక్కదానితోనే మిర్రర్ తయారు చేస్తారు. మెటారూట్ ఆదేశం వీఎఫ్‌ఎస్‌టాబ్‌నూ సిస్టమ్ ఫైలునూ మారుస్తుంది. సర్వర్‌ను రీబూట్ చేసిన తర్వాతే మెటాఅటాచ్‌తో రెండో సగాన్ని కలుపుతారు. రెండింటినీ మొదటే కలిపి ఒక్క ఆదేశంలో కడితే, రెండూ ఇప్పటికే ఒకేలా ఉన్నాయని సాఫ్ట్‌వేర్ అనుకుంటుంది, సింక్ చేయదు. డేటా ఉన్న డిస్కు ఒకటి, ఖాళీ డిస్కు ఒకటి కలిసి ఒకే ఫైల్ సిస్టమ్‌గా చెలామణి అవుతాయి. ఈ పనిలో క్రమం తప్పకూడదని పెద్దలు పదేపదే చెప్పేది ఇందుకే.

ఇక ఈ వ్యవస్థలో చాలామందికి అంతుపట్టని భాగం స్టేట్ డేటాబేస్ రెప్లికాలు. ఏ మిర్రర్ ఎక్కడుంది, ఏ సగం బాగుంది, ఏది పాడయింది అన్న లెక్క వీటిలో ఉంటుంది. సాధారణంగా ఒక్కో డిస్కులో ఏడో స్లైసు అనే విభాగంలో మూడేసి పెడతారు. సభకు కోరం ఉన్నట్టే వీటికీ ఒక లెక్క ఉంది. సగం బతికి ఉంటే నడుస్తున్న సర్వర్ నడుస్తూనే ఉంటుంది. సగానికి తగ్గితే ప్యానిక్ అయి పడిపోతుంది. కానీ కొత్తగా బూట్ కావాలంటే సగం చాలదు, సగం మీద ఒకటి ఎక్కువ కావాలి. ఇప్పుడు లెక్క చూడండి. రెండు డిస్కులు, మూడేసి రెప్లికాలు, మొత్తం ఆరు. ఒక డిస్కు పోయింది, మిగిలినవి మూడు, అంటే సరిగ్గా సగం. సర్వర్ హాయిగా నడుస్తోంది. ఎవరో రీబూట్ చేశారు. రెప్లికాలు చాలడం లేదని చెప్పి సింగిల్ యూజర్ మోడ్‌లో ఆగిపోయింది. మంచి డిస్కు చెక్కుచెదరకుండా ఉంది, డేటా అంతా ఉంది, అయినా సర్వీసులు పైకి రావు.

అందుకే డిస్కు పోయిందని తెలియగానే అనుభవజ్ఞులు ముందు మెటాడీబీ ఆదేశంతో రెప్లికాల లెక్క చూస్తారు. పోయిన డిస్కు మీది రెప్లికాల ఎంట్రీలను తీసేస్తారు. అప్పుడు మొత్తం మూడు, బతికినవి మూడు, కోరం నిండుతుంది. సరిగ్గా సగంతోనైనా లేవనిచ్చే మిర్రర్డ్ రూట్ ఫ్లాగ్ ఒకటి సిస్టమ్ ఫైలులో పెట్టుకోవచ్చు. కానీ పాత లెక్క ఉన్న సగంతో సర్వర్ లేచే ప్రమాదం దానిలో ఉంది. నా మటుకు నేను ఆ ఫ్లాగ్ కన్నా మెటాడీబీ అలవాటునే నమ్ముతాను.

తర్వాతిది ఏ డిస్కు పోయిందో తేల్చడం. మెటాస్టాట్ ఆదేశం ‘నీడ్స్ మెయింటెనెన్స్’ అని చూపిస్తుంది. అయితే రాయబోయి లేక చదవబోయి దెబ్బతిన్న స్లైసులకే ఆ మాట పడుతుంది. అదే డిస్కు మీది వార్ స్లైసు ఇంకా ‘ఓకే’ అనే ఉండవచ్చు. దాన్ని చూసి సగం డిస్కు బాగుందని అనుకోకూడదు. ఐవోస్టాట్‌తో హార్డ్ ఎర్రర్లు, ట్రాన్స్‌పోర్ట్ ఎర్రర్లు చూస్తారు, సిస్టమ్ మెసేజీలతో పోలుస్తారు. అన్నిటికన్నా ముఖ్యంగా అక్కడే కనబడే సీరియల్ నంబరు రాసుకుంటారు. ఆదేశాలు ఇచ్చే మనిషి హైదరాబాదులో ఉంటే, ట్రే లాగే ఇంజనీరు డేటా సెంటర్లో ఉంటాడు. ఇద్దరి మధ్యా ఉన్నది ఒక ఫోన్ కాల్. ‘పైనున్నది’, ‘ఎడమది’ అనే మాటలు ఆ ఫోన్లో పనికిరావు. సీరియల్ నంబరు చదివి వినిపించాలి, అవతలివాడు దాన్ని తిరిగి చెప్పాలి. బతికి ఉన్న డిస్కును పొరపాటున లాగిన క్షణంలో మిర్రర్ చేతులెత్తేస్తుంది.

డిస్కును లాగే ముందు సీఎఫ్‌జీఏడీఎం ఆదేశంతో సిస్టమ్ నుంచి విడదీయాలి. చాలా సన్ సర్వర్లలో అప్పుడు ట్రే మీద నీలి దీపం వెలుగుతుంది, ఇక లాగవచ్చని. విడదీయడానికి సిస్టమ్ ఒప్పుకోకపోతే ఏదో ఇంకా ఆ డిస్కును పట్టుకుని ఉందని అర్థం. ఎక్కువగా డంప్ డివైసు ఆ డిస్కు మీదే ఉంటుంది, లేదంటే రెప్లికాలు తీయడం మరిచి ఉంటారు. అక్కడ బలవంతం చేయకూడదు, కారణం వెతకాలి.

కొత్త డిస్కు వచ్చాక మంచి డిస్కు స్లైసుల పట్టికను పీఆర్‌టీవీటాక్‌తో చదివి, ఎఫ్ఎంటీహార్డ్‌తో కొత్తదాని మీద రాస్తారు. ఒకే వరుసలో ఇచ్చే ఆదేశం అది. అందులో రెండు డిస్కుల పేర్లు తారుమారైతే ఖాళీ పట్టిక పోయి మంచి డిస్కు మీద పడుతుంది. ఎంటర్ నొక్కే ముందు పైకి చదువుకునే అలవాటున్న వాళ్లను నేను గౌరవిస్తాను. పాతది 36 జీబీ అయి కొత్తది 73 జీబీ వస్తే పట్టికను అలాగే దించేయడం కుదరదు, స్లైసులు చేత్తో కొలిచి పెట్టాలి. తర్వాత మెటాడెవ్ఏడీఎంతో కొత్త డిస్కు గుర్తింపును వాల్యూమ్ మేనేజర్‌కు తెలియజేసి, రెప్లికాలు మళ్లీ పెట్టి, మెటారీప్లేస్ ఇస్తారు. సింక్ మొదలవుతుంది.

సింక్ నడిచేంత సేపూ బతికున్న డిస్కు ఒంటరిది. ఎన్నేళ్లుగానో ఎవరూ చదవని బ్లాకుల్ని కూడా ఆ పూట అది మొదటి నుంచి చివరి దాకా చదవాలి. దాచుకున్న చెడ్డ సెక్టారు బయటపడేది అప్పుడే. రెండు సగాల్లోనూ లోపం ఉంటే మెటాస్టాట్ ఒకదాన్ని ‘లాస్ట్ ఎర్డ్’ అంటుంది. దాన్ని చివర ముట్టుకోవాలి, తాజా డేటా దాని మీదే ఉంది కనుక. ముందు రోజు బ్యాకప్ ఉందా, దాన్నుంచి ఒక ఫైలైనా తీసి చూశారా అన్నది డిస్కు మార్చే ముందు అడగాల్సిన ప్రశ్న. మిర్రర్ బ్యాకప్ కాదు. పొరపాటున తుడిచిన ఫైలును అది రెండు చోట్లా ఒకే క్షణంలో తుడిచేస్తుంది.

సింక్ నూరు శాతం అయింది, అన్నీ ‘ఓకే’ అన్నాయి. చాలామంది ఇక్కడ ఆపేస్తారు. అసలు పని ఇంకా మిగిలే ఉంది.

మిర్రర్ కాపాడేది ఫైళ్లను. సర్వర్ లేవడానికి కావలసిన బూట్ బ్లాకు ఫైల్ సిస్టమ్‌కు ముందు, డిస్కు లేబుల్ తర్వాత ఉండే 15 సెక్టార్లలో ఉంటుంది. దాన్ని కొత్త డిస్కు మీద ఇన్‌స్టాల్‌బూట్ ఆదేశంతో వేరుగా రాయాలి. ఆ తర్వాత ఓపెన్‌బూట్ ఫర్మ్‌వేర్‌కు చెప్పాలి: మొదటి డిస్కు లేకపోతే రెండోదాన్ని ప్రయత్నించు అని. ఓకే ప్రాంప్ట్ దగ్గర బూట్ డివైస్ వరుసలో రెండు పేర్లూ ఉండాలి. సర్వర్ నడుస్తుండగానే ఈఈప్రామ్ ఆదేశంతోనూ ఈ మార్పు చేయవచ్చు. ఈ రెండూ లేకపోతే మెటాస్టాట్ ఎంత అందంగా కనబడినా, ఆ డిస్కు డేటాకు రెండో నకలు మాత్రమే. సర్వర్‌ను నిలబెట్టే శక్తి దానికి లేదు.

ఇది సోలారిస్ ఒక్కదాని సంగతి కాదు. ఏఐఎక్స్‌లో మిర్రర్‌వీజీ తర్వాత బాస్‌బూట్, బూట్‌లిస్ట్ ఇవ్వాలి. హెచ్‌పీ-యూఎక్స్‌లో ఎంకేబూట్, ఎల్‌వీఎల్ఎన్‌బూట్. లినక్స్‌లో ఎండీఆడ్మ్ జంటను కలిపాక రెండో డిస్కు మీద గ్రబ్‌ను వేరుగా వేయాలి. సోలారిస్ 10లో జెడ్ఎఫ్ఎస్ రూట్ వచ్చాక సింక్ సులువైంది, వాడిన బ్లాకుల్ని మాత్రమే, సరిచూసుకుంటూ తెస్తుంది. అయినా బూట్ బ్లాకును చేత్తోనే వేయాల్సి వచ్చేది.

వర్చువల్ మెషీన్లూ క్లౌడూ వచ్చాక ఇదంతా పాతబడిందనే మాట వింటుంటాను. ఆ వర్చువల్ మెషీన్ల అడుగున కూడా బూట్ కావలసిన అసలు సర్వర్ ఉంది, దాని బూట్ డిస్కు చాలాచోట్ల ఇప్పటికీ జంటగానే ఉంటోంది.

మీ చేతి కింద జంట బూట్ డిస్కులున్న సర్వర్ ఒక్కటైనా ఉంటే, వచ్చే మెయింటెనెన్స్ విండోలో పావుగంట అడిగి తీసుకోండి. సర్వర్‌ను దించి, రెండో డిస్కు పేరు చెప్పి దాని నుంచే బూట్ చేయండి. లేచాక ఏ డిస్కు నుంచి లేచిందో బూట్‌పాత్ చూసి నిర్ధారించుకుని, తేదీతో సహా రన్‌బుక్‌లో రాయండి. లేవకపోతే ఇంకా మంచిది, రెండు డిస్కులూ బాగున్న రోజునే అది మీకు తెలిసింది.