గెరార్డ్ సెకోటో: బొమ్మకూ జనానికీ మధ్య గోడ

1940లో జోహానెస్‌బర్గ్ ఆర్ట్ గ్యాలరీ ఒక చిత్రాన్ని కొన్నది. దాని పేరు "పసుపు ఇళ్ళు - సోఫియాటౌన్‌లో ఒక వీధి". గీసినవాడు గెరార్డ్ సెకోటో అనే ఆఫ్రికన్ యువకుడు. ఒక నల్లవాడి చిత్రం దక్షిణాఫ్రికా ప్రదర్శనశాల సొత్తులో చేరడం అదే మొదటిసారి. అయితే తన బొమ్మ గోడమీద ఎలా కనిపిస్తున్నదో చూసుకోవడానికి ఆ చిత్రకారుడు ఊడ్చే నౌకరు వేషంలో లోపలికి వెళ్ళవలసి వచ్చిందని చెబుతారు.

ఉదారవాద విమర్శకులకు ఈ కథంటే మహా ఇష్టం. ఒక ప్రతిభావంతుడికి ఎంత అవమానం జరిగిందని వాళ్ళు కంటతడి పెడతారు. అవమానం నిజమే. కాని ఆ పసుపు ఇళ్ళలో కాపురమున్నవాళ్ళ సంగతేమిటి? బొమ్మ ఎవరిదో వాళ్ళు గ్యాలరీకి రారు. గ్యాలరీకి వచ్చేవాళ్ళు సోఫియాటౌన్‌లో అడుగు పెట్టరు. జాతి విభజన కళాకారుడి నుంచి లాక్కున్న వాటిలో అన్నిటికన్నా విలువైనది అతని ప్రేక్షకలోకం. సెకోటో జీవితమంతా ఈ దృష్టితో చూస్తే తప్ప బోధపడదు.

అతను పుట్టిన 1913లోనే నేటివ్స్ లాండ్ ఆక్ట్ వచ్చింది. దేశ జనాభాలో అత్యధికులైన ఆఫ్రికన్లకు ఆ చట్టం మిగిల్చినది నేలలో ఏడు శాతం మాత్రమే. ట్రాన్స్‌వాల్‌లో బోట్షబేలో అనే లూథరన్ మిషన్‌లో ఉపాధ్యాయుడి కొడుకుగా పెరిగి, తనూ ఉపాధ్యాయుడయినాడు. ఖైసో పాఠశాలలో పనిచేసిన రోజుల్లో శిల్పి ఎర్నెస్ట్ మన్‌కోబాతో స్నేహం కుదిరింది. ఈ మన్‌కోబాకు 1936లో జోహానెస్‌బర్గ్ సామ్రాజ్య ప్రదర్శన సందర్భంగా ప్రభుత్వోద్యోగం ఇవ్వజూపారు. యాత్రికులకు అమ్మడానికి "ఆటవిక" బొమ్మలు చెక్కించడం ఆ ఉద్యోగం. అతను కాదన్నాడు. నల్లవాడి కళకు దొరతనం అనుమతించిన తావు అది: తెల్లవాడి బల్లమీద అలంకారం. మన్‌కోబా 1938లో పారిస్ దారి పట్టాడు. సెకోటో అదే ఏడు బడి ఉద్యోగం వదిలి జోహానెస్‌బర్గ్ చేరాడు.

సోఫియాటౌన్‌కు ఒక విశేషముంది. నల్లవాళ్ళు సొంత పట్టాతో స్థలం కొనుక్కోగలిగిన అతి కొద్ది పట్టణ ప్రాంతాల్లో అదొకటి. అక్కడ గర్టీ వీధిలో బంధువుల ఇంట్లో ఉంటూ, జూడిత్ గ్లక్‌మన్ అనే తెల్ల చిత్రకారిణి వద్ద తైలవర్ణాలు వాడడం నేర్చుకున్నాడు. 1942లో కేప్‌టౌన్‌లోని డిస్ట్రిక్ట్ సిక్స్, 1945లో ప్రిటోరియా దగ్గర ఈస్ట్‌వుడ్ - ఇలా మూడు పేటల్లో దాదాపు తొమ్మిదేళ్ళు గడిపాడు. అతని పేరు నిలిపిన చిత్రాలన్నీ ఆ తొమ్మిదేళ్ళ పంటే.

ఇక్కడ మనవాళ్ళే కొందరు అడిగే ప్రశ్న ఒకటుంది. ఎండ కాసిన వీధులూ, నీలి నీడలూ, ఎర్ర మట్టీ, పనులకు పోయే జనం - ఇందులో నిరసన ఎక్కడ? పిడికిలి ఎక్కడ? ఇది వట్టి వర్ణవిలాసం కాదా?

ఈ ప్రశ్న వస్తువును కేవలం విషయసూచికగా చూసే అలవాటులోంచి పుట్టింది. "తలుపు దగ్గర ఆరు పెన్నీలు" అనే చిత్రం చూడండి. లోపల నృత్యం జరుగుతున్నది. ప్రవేశ రుసుము ఆరు పెన్నీలు. బొమ్మలో మనకు కనిపించేది నృత్యం కాదు. ఆ చిల్లర లేక బయట నిలిచిపోయిన గుంపు. ఉపన్యాసం లేదు, శోకం లేదు. పైగా ఆ గుంపులో సరదా కూడా ఉంది. అయినా చూసేవాణ్ణి కూడా ఆ బయటివాళ్ళ మధ్యనే నిలబెట్టాడు చిత్రకారుడు. ఎవరి పక్కన నిలబడి చూస్తున్నాడన్నదే అసలు ప్రశ్న. దొరల చట్టం దృష్టిలో పట్టణంలో నల్లవాడు పాస్ పుస్తకం చేతబట్టుకుని వచ్చిపోయే కూలి. పని తీరగానే పల్లెకు పోవలసినవాడు. సెకోటో కుంచె అతనికి ఇల్లూ వీధీ ఇరుగుపొరుగూ ఇచ్చింది. ఆ చట్టాన్ని అబద్ధమని నిరూపించడానికి ఇంతకన్నా ఏం కావాలి?

పిడికిలే కావాలంటే "పలుగు పాట" ఉంది. 1946-47లో ఈస్ట్‌వుడ్‌లో గీసినది. 1946 ఆగస్టులోనే విట్వాటర్స్‌రాండ్ బంగారు గనుల్లో వేలాది ఆఫ్రికన్ కార్మికులు సమ్మె కట్టారనీ, పోలీసులు తుపాకులతో దాన్ని అణచివేశారనీ గుర్తుంచుకుని ఈ బొమ్మ చూడాలి. ఒక ఫొటోగ్రాఫ్ దీనికి ఆధారం. వరుసగా నిలబడిన కూలీలు ఒక్క ఊపున పలుగులెత్తారు. ఎదురుగా తెల్ల మేస్త్రీ, సన్నగా, పొట్టిగా. పలుగులు దిగేది నేలమీదకే. కాని ఆ క్షణంలో అవి లేచి ఉన్నది అతని ఎదుట. ఇన్ని శరీరాలు ఒకే లయలో కదులుతున్నప్పుడు పెత్తనం ఎవరిదో ఆ మేస్త్రీకి కూడా అనుమానం కలగక మానదు. కూలి శ్రమనూ కూలి బలాన్నీ విడదీయకుండా ఒకే గీతలో చూపిన చిత్రాలు ఆ శతాబ్దంలో ఎన్నో లేవు.

1947లో అతను పారిస్ వెళ్ళిపోయాడు. "అపార్థైడ్" నినాదంతో నేషనల్ పార్టీ గద్దె నెక్కినది 1948లో. అంటే అంతకు ముందున్న విభజనే అతన్ని తరిమింది. పారిస్‌లో పొట్టకోసం రాత్రిళ్ళు బార్లలో పియానో వాయించాడు. 1949లో మతి చెదిరి ఆసుపత్రి పాలయినాడు. తర్వాత కోలుకుని, బొమ్మలు వేస్తూనే ఉన్నాడు. 1966లో డకార్ నీగ్రో కళోత్సవానికి వెళ్ళి సెనెగల్‌లో ఏడాదిపాటు ఉన్నప్పుడు రంగులు మళ్ళీ కొంత తేరుకున్నాయి. కాని సానుభూతితో నిజం దాచడం విమర్శ కాదు. పారిస్ కాలపు చిత్రాల్లో ఎక్కువ భాగం జ్ఞాపకాలను మళ్ళీ మళ్ళీ తిప్పి గీసినవి. మనుషులు పోయి ఆకారాలు మిగిలాయి. వీధి పోయి నీలిరంగు మిగిలింది.

ప్రవాసమే అతన్ని చెరిచిందని, ఉండిపోతే బాగుండేదని తీర్పు చెప్పేవాళ్ళున్నారు. ఎక్కడ ఉండిపోవాలి? 1955 ఫిబ్రవరిలో పోలీసు బలగాలతో సోఫియాటౌన్ ఖాళీ చేయించడం మొదలుపెట్టారు. ఇళ్ళు నేలమట్టం చేసి, ఆ చోట తెల్లవాళ్ళ పేట కట్టి దానికి "విజయం" అని అర్థం వచ్చే ట్రియోమ్ఫ్ అనే పేరు పెట్టారు. 1966లో డిస్ట్రిక్ట్ సిక్స్‌ను తెల్లవారి ప్రాంతమని ప్రకటించారు. ఈస్ట్‌వుడ్ కూడా మిగలలేదు. అతను గీసిన మూడు పేటలూ పోయాయి. ఉండిపోయిన జార్జి పెంబా సంగతీ చూడండి: న్యూ బ్రైటన్‌లో చిన్న దుకాణం నడుపుకుంటూ బొమ్మలు వేశాడు, జాతీయ గ్యాలరీ అతని సమగ్ర ప్రదర్శన పెట్టింది 1996లో, అప్పటికి అతనికి ఎనభై దాటాయి. వెళ్ళినవాడు జనాన్ని పోగొట్టుకున్నాడు, ఉన్నవాడు గోడలు పోగొట్టుకున్నాడు. ఈ రెండు నష్టాల్లో ఏది మేలని బేరీజు వేసే హక్కు మనకెక్కడిది?

1989లో జోహానెస్‌బర్గ్ గ్యాలరీ సెకోటో చిత్రాలన్నీ కూర్చి పెద్ద ప్రదర్శన జరిపింది. విట్వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. అతను మాత్రం స్వదేశానికి తిరిగి రాలేదు. 1993 మార్చిలో పారిస్ శివార్లలోని నోజాన్‌లో కన్నుమూశాడు. నల్లవాళ్ళు మొదటిసారి ఓటు వేయడానికి ఇంకా ఏడాది ఉన్నది. "పలుగు పాట" మాత్రం చేతులు మారి ఒక గనుల కంపెనీ సేకరణలోకి చేరింది.