బుధియాకు దక్కని మాట

ప్రేమ్‌చంద్ ‘కఫన్’ కథ హిందీలో 1936లో వెలువడినది. గుడిసె లోపల బుధియా ప్రసవవేదనతో కేకలు వేయుచుండ, గుమ్మమువద్ద భర్తయు మామయు కాల్చిన ఆలుగడ్డలు తినుచుందురు. తెల్లవారుసరికి ఆమె మరణించును. శిశువు గర్భములోనే గతించును. కథలో ఆమెకు ఒక్క మాటయైనను లేదు.

దీనిని చదివి పేదకుటుంబమునే నిందించుట పొరపాటు. సూరతు చెంత సచిన్ పారిశ్రామికవాడకు బ్రతుకుదెరువుకై వలసవచ్చిన దంపతులను తలపోయుడు. ఇచ్చట భర్త నిద్రలేక ఆసుపత్రి తలుపు వెలుపల నిలిచియుండును. “బిడ్డ కదలుట లేదు” అని తల్లి లోపల మొరపెట్టినను పరీక్షించువారు లేనిచో, ఆ గుడిసెయే ఆసుపత్రిలో మరల వెలసినట్లు. గర్భశోకముపై “ఆలస్యముగా వచ్చితిరి” అను నింద వేరు.

2017లో కేంద్రప్రభుత్వము ‘లక్ష్య’ కార్యక్రమము ద్వారా ప్రసూతిగదులలో గౌరవపూర్వకమైన సేవను కోరినది. ఆ గౌరవమునకు తొలిమెట్టు తల్లి చెప్పునది వినుట. బుధియాకు దక్కనిది అదియే.