రహమాన్‌ను పంపలేం

హైదరాబాద్ రాజ్యం నుంచి వెళ్లి బొంబాయి కట్టడాల్లో రాయీ మట్టీ మోసిన తెలుగు కూలీలను అక్కడివాళ్లు కామాఠీలన్నారు. వాళ్లుండే పేట కామాఠీపురా అయింది. ఇవాళ బయటి లోకానికి ఆ గల్లీలంటే వేశ్యావాటికే గుర్తొస్తుంది. ‘అంత కష్టమైతే పారిపోవచ్చుగా’ అనే మాట అక్కడి ఆడవాళ్ల గురించి ఇట్టే వచ్చేస్తుంది. ఆ మాటకు జవాబు ఒక వీడియో గేమ్ ఎలా చెప్పగలదో చూడాలంటే దాని తయారీలోకి వెళ్లాలి.

కోల్‌కతా ఫొటోగ్రాఫర్ లీనా కేజ్రీవాల్ 2014లో ఢిల్లీ ఇండియా ఆర్ట్ ఫెయిర్‌లో ఇనుప రేకుతో చేసిన అమ్మాయి ఆకారాన్ని నిలబెట్టారు. నిండా నలుపు, ముఖం లేదు. వెనక ఆకాశం ఉంటే, అమ్మాయి ఉండాల్సినచోట ఆకాశానికే కన్నం పడ్డట్టు కనిపిస్తుంది. 2016లో ఆవిడ ఆ ఆలోచననే ‘మిస్సింగ్’ అనే మొబైల్ గేమ్‌గా తెచ్చారు. ఇందులో ఆడేవాళ్లది కాపాడే పోలీసు పాత్ర కాదు, తప్పిపోయి అమ్ముడైన అమ్మాయి పాత్రే. ఎదుటివాళ్లు మాట్లాడతారు, తెరమీద జవాబులు వస్తాయి, ప్రమాదం బేరీజు వేసుకుని ఒకటి నొక్కాలి. పోలీసుగా ఆడితే గెలుపు తేలిక, అమ్మాయిగా ఆడితే ప్రతి జవాబు దగ్గరా వేలు తడబడుతుంది. పాత్ర ఎంపికలోనే సగం పనితనం ఉంది.

ఈ పద్ధతికి నాకు తెలిసిన అత్యుత్తమ నమూనా అంతకు పదేళ్ల ముందుది. 2006లో అమెరికాలో సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ విద్యార్థులు సూడాన్‌లోని డార్ఫర్ ప్రాంతపు శరణార్థుల మీద ‘డార్ఫర్ ఈజ్ డయింగ్’ అనే ఆట చేశారు. మొదటి తెరమీద ఒక కుటుంబం వరసగా నిలబడి ఉంటుంది. నీళ్లకు ఎవరిని పంపాలో మనం ఎంచుకోవాలి. ముప్పై ఏళ్ల రహమాన్‌ను నొక్కితే ఆట ఒప్పుకోదు. మగవాడు బయటికెళితే మిలీషియా, అంటే సాయుధ మూక, చంపేసే ప్రమాదం ఉంది, ఇంకొకరిని ఎంచుకోమంటుంది. మిగిలింది తల్లి, పిల్లలు. పిల్లను పంపుతాం. బాణం మీటలతో పరిగెత్తించి, మిలీషియా బండి రాగానే స్పేస్ బార్ నొక్కి దాచాలి. దొరికితే ఆ పిల్లకు ఏమవుతుందో తెరమీద రాసి చూపిస్తారు. తర్వాత వరసలో ఆ పిల్ల ఉండదు.

రహమాన్‌ను వరసలోంచి ముందే తీసేసి ఉండొచ్చు. తీసేయకుండా నిలబెట్టి, నొక్కనిచ్చి, అప్పుడు కాదన్నారు. ‘మగవాళ్లు వెళ్లొచ్చుగా’ అని మన మనసులో పుట్టే ప్రశ్నను వేలిదాకా రానిచ్చి ఆపారన్నమాట. పది పేజీల నివేదిక చెప్పేది ఒక్క నొక్కుకు తెలుస్తుంది. ఆటలు ఆ దారుణాలను ఆపలేవు. ‘ఎందుకు పారిపోలేదు’ అని అడిగే నోటిని మాత్రం కాసేపు ఆలోచనలో పడేయగలవు.

కామాఠీపురా మీద ఎవరైనా ఆట చేస్తే, గల్లీలకున్న నంబర్లు, ఆ పక్కనే తెలుగువాళ్ల కాపురాలున్న చాల్‌లనే వరస ఇళ్లూ అందులో ఉండాలని నా కోరిక. బందీ అయిన అమ్మాయి పొరుగింటి తలుపు తట్టే మీట ఒకటి పెట్టాలి. తలుపు వెనక ఉన్నవాళ్లు తెలుగులో ఏమంటారో, తెరుస్తారో తెరవరో, ఎందుకో రాయడానికి అక్కడే పుట్టి పెరిగిన మన పిల్లల్ని కూర్చోబెట్టాలి.