పాత రాజ్యం పోని చోట: అత్యవసర పరిస్థితి విచారణ – రావిశాస్త్రి కథలు

నిరంకుశ పాలన ముగిశాక దాని నేరాలను తేల్చే ప్రక్రియకు కమ్యూనిస్టు పాలన కూలిన ఐరోపా దేశాలు ప్రధాన ఉదాహరణలు. తూర్పు జర్మనీ రహస్య పోలీసులు తనపై రాసిన ఫైలును బాధితుడే చదువుకొనే హక్కును జర్మనీ 1991లో చట్టం ద్వారా కల్పించింది. అదే ఏడాది చెకొస్లొవేకియా, పాత రహస్య పోలీసులతో పనిచేసినవారిని ఉన్నత పదవులకు దూరం చేసింది. పాత రాజ్యం పోయింది కనుకనే ఇవి సాధ్యమయ్యాయి.

ఈ నమూనాను 1975-77 అత్యవసర పరిస్థితికి అన్వయిస్తే ఆంధ్రప్రదేశ్‌లో చిక్కు ఎదురవుతుంది. 1977లో కేంద్రంలో ప్రభుత్వం మారింది. ఇక్కడ మాత్రం 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే దక్కాయి. జలగం వెంగళరావు 1978 వరకు ముఖ్యమంత్రిగా కొనసాగారు. 1975 జూలైలో గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు పోలీసు కాల్పుల్లో మరణించారు. దీన్ని ఎదురుకాల్పులుగా తార్కుండే కమిటీ అంగీకరించలేదు. తరువాత ఏర్పడిన జస్టిస్ భార్గవ కమిషన్ విచారణ రహస్యంగా సాగాలని రాష్ట్ర ప్రభుత్వం పట్టుబట్టడంతో అది అర్ధాంతరంగా ఆగింది. ఎవరిపై విచారణో వారే దాని షరతులు నిర్ణయించారు.

ఈ లోటును సాహిత్యం పూడ్చిందనుకోవడం సులువు. అనకాపల్లి దగ్గరి తుమ్మపాల స్వస్థలమైన రావిశాస్త్రి అత్యవసర పరిస్థితిలో జైలుకు వెళ్ళారు కనుక, ఆయన రచనలను ఆ కాలానికి సాక్ష్యంగా చదవాలనిపిస్తుంది. కాని ‘ఆరు సారా కథలు’ 1960ల తొలినాళ్ళవి. మద్యనిషేధ చట్టం చుట్టూ పోలీసులు, ప్లీడర్లు, కోర్టులు, బోనెక్కిన పేదలు కనిపించే ఆ లోకంలో చట్టం చేసేది తన మామూలు పనే. ‘మామూలు’కు తెలుగులో ఉన్న రెండో అర్థంతో సహా. అత్యవసర పరిస్థితిని చరిత్రలో ఒక అపశ్రుతిగా చూసే విశ్లేషణకు ఈ కథలు ముందే అడ్డు చెబుతాయి. ప్రాథమిక హక్కులు అమలులో ఉన్న రోజుల్లోనూ కటకటాల వెనుక పేదవాడికి అవి అందలేదు. రావిశాస్త్రి విమర్శలో దీనికి దక్కవలసినంత చోటు దక్కలేదు. శైలీ వైభవమే ఎక్కువ పుటలు ఆక్రమించింది.

అయినా కథ ఫైలు కాదు. వ్యవస్థ ఎలా పనిచేస్తుందో కథ చూపగలదు. గిరాయిపల్లిలో కాల్చమన్న ఆజ్ఞ ఎవరిదో చెప్పవలసింది కాగితాలు.