మూలలు పోయిన నట్టు

చెల్పూర్‌లో మా ఇంటి పక్కన 500 మెగావాట్ల థర్మల్ ప్లాంటు. ఇంట్లో మాత్రం యూపీఎస్ లేని కంప్యూటర్. వైస్ సిటీలో మిషన్ మధ్యలో సేవ్ చేసుకోవడం కుదరదు, సేఫ్ హౌస్‌కి పోవాల్సిందే. సగంలో కరెంటు పోతే మళ్లీ మొదటికే. నేనూ చిన్నాయన కొడుకూ చిమ్నీ వైపు చూసి తిట్టుకునేవాళ్లం.

2002 నాటి ఆ ఆట మా దాకా వచ్చింది కాపీ సీడీలో. ఒక్క రూపాయీ కంపెనీకి పోలేదు, ఆ సంగతి ముందే ఒప్పుకుంటున్నా. ఆట ఇన్‌స్టాల్ అయిన చోట ఎంపీ3 అని ఒక ఫోల్డర్ ఉండేది. అందులో మన పాటలు వేస్తే కారు రేడియోలో కొత్త స్టేషన్‌గా వచ్చేవి. మయామీ లాంటి ఊళ్లో, సముద్రం ఒడ్డున, చిరంజీవి పాట! నిజానికి ఇది మాడ్ కూడా కాదు, కంపెనీ తెరిచిపెట్టిన కిటికీ. తలుపు ఇంకోచోట ఉంది. కార్ల బరువు, వేగం, బ్రేకులు అన్నీ 'హ్యాండ్లింగ్' అనే మామూలు టెక్స్ట్ ఫైల్లో ఉండేవి. తమ్ముడు దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఒక అంకె మార్చాడు. ఆ తర్వాత పోలీసు కారుని కొంచెం తగిలితే చాలు, గాలిపటంలా లేచేది. ఆ సాయంత్రం మేం నవ్విన నవ్వు ఇంకే ఆటా ఇవ్వలేదు.

ఒగ్గు కథ చెప్పేటాయన మల్లన్న పెళ్లి మధ్యలో మా ఊరి సర్పంచ్‌ని లాక్కొచ్చి నవ్వించేవాడు. కథ చెడిపోయిందని ఎవరూ అనలేదు. మాడింగ్ అంటే నాకు అదే. (అన్నీ గొప్పవని కాదు. 'జీటీఏ పంజాబ్' పేరుతో వచ్చినవాటిలో పేరు తప్ప పంజాబ్ ఎక్కడుందో వెతుక్కోవాలి.)

అందుకే 2021 నవంబర్ 11న వచ్చిన 'ది ట్రిలజీ: డెఫినిటివ్ ఎడిషన్' గురించి కోపంగానే రాస్తున్నా. మూడు పాత ఆటలను కొత్తగా చేసిన ప్యాకేజీ ఇది. వాన తెల్లటి గీతల్లా కళ్లకు అడ్డం పడింది. పీసీ వెర్షన్‌ని కొన్ని రోజులు అమ్మకం నుంచి తీసేశారు. వారం దాటాక రాక్‌స్టార్ క్షమాపణ చెప్పింది. ఇవన్నీ బగ్గులు, దిద్దుకోవచ్చు. 2020 డిసెంబర్‌లో సైబర్‌పంక్ 2077 కూడా పచ్చి కాయలాగే వచ్చింది. సోనీ తన స్టోర్ నుంచే దాన్ని తీసేసింది. తర్వాత మాగింది.

ట్రిలజీ జబ్బు వేరు. అందులో డోనట్ షాపు బోర్డు మీద ఒక పెద్ద నట్టు ఉంటుంది. షాపు పేరు 'టఫ్ నట్'. పేరులోని చమత్కారమంతా ఆ బోల్టు నట్టు ఆకారంలోనే ఉంది. కొత్త ఎడిషన్‌లో దాని మూలలన్నీ నున్నగా చెక్కేసి గుండ్రం చేశారు. ప్లాంటులో ఫిట్టర్‌గా చేసిన మా బాపుకి ఫోన్‌లో ఆ బొమ్మ చూపించా. "గిదేం నట్టురా, పానా ఎట్ల పడతది దీనికి?" అన్నాడు. దీని మీద నేను చదివిన రివ్యూలన్నిటికన్నా పనికొచ్చే మాట అది. యాసలో రాసిన పాత కథను మళ్లీ అచ్చేసేటప్పుడు ఎవరో 'తప్పులు' దిద్దితే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంది. శాన్ ఆండ్రియాస్‌లో పొగమంచు తీసేశారు. పాత ఆటలో ఆ మంచు వల్లే మూడు నగరాలూ ఎంతో దూరం అనిపించేవి. ఇప్పుడు విమానం ఎక్కితే రాష్ట్రమంతా మన పెరడంత కనిపిస్తుంది. పదిహేడేళ్ల భ్రమ ఒక్క చూపులో అయిపోయింది.

ఆ ఆటల్ని బాగా చదివినవాళ్లు లేరా అంటే, ఉన్నారు. రీ3 అనే బృందం జీటీఏ 3, వైస్ సిటీల కోడ్‌ని మొదటి నుంచి విప్పి మళ్లీ రాసింది. 2021 ఫిబ్రవరిలో టేక్-టూ దాన్ని గిట్‌హబ్ నుంచి తీయించింది, సెప్టెంబర్‌లో కోర్టుకీ వెళ్లింది. చట్టం కంపెనీ పక్షాన ఉందేమో, దాంతో నాకు తగువు లేదు. కానీ పుస్తకాన్ని కంఠతా పట్టినవాళ్లను కోర్టుకీడ్చి, నట్టంటే ఏంటో తెలియని వెర్షన్‌ని 'డెఫినిటివ్' అనడం ఏం న్యాయం? ఆ వెర్షన్‌కీ సైలెంట్ అనే మాడర్ తన సైలెంట్‌ప్యాచ్‌తో కొన్ని మరమ్మతులు చేశాడు, ఉచితంగా. ఇదీ నాకు నచ్చదు. ఎవరో అభిమాని బాగుచేస్తాడులే అన్న ధీమాతో సగం వండిన అన్నం వడ్డించే అలవాటు ఇలాగే ముదురుతుంది. పాత వెలుతురుని తిరిగిచ్చే సెట్టింగ్ పీసీకి, కన్సోళ్లకి అధికారికంగా రావడానికి 2024 నవంబర్ దాకా పట్టింది.

ఇప్పుడు జీటీఏ 6. మళ్లీ వైస్ సిటీయే. 2026 నవంబర్ 19కి వాయిదా వేశారు. ప్రకటించిన మెషీన్లు ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ మాత్రమే, పీసీ పేరు లేదు. అంటే నోట్‌ప్యాడ్‌తో తెరిచే ఫైలు ఉండదు, మొదటి రోజున మన వేలు పెట్టే సందే ఉండదు. ట్రైలర్ ఎంత బాగున్నా నాకు ఉత్సాహం రానిది ఇందుకే. తమ్ముడికి ఇదంతా చెప్పా. పూర్తిగా విని, "అయితే ఏందన్నా, కన్సోల్ కోసం ఈసారి చిట్టీ ఎత్తుకుందామా?" అన్నాడు.