పాతర, పడుగు, కల

ఎమ్మిగనూరి నేతవీధిలో నాడె చప్పుడు నడుమ కన్ను తెఱచిన బాల్యము నాది. కనుకనే యోబు తన దినములను నాడె వేగముతో పోల్చిన చోట, ఏ వ్యాఖ్యానమును లేకయే నాకు గుండె కలుక్కుమనును. క్రిస్మసుకు ముందరి ఆదివారములలో ఆదికాండములోని యోసేపు కథను, మత్తయి సువార్త మొదటి రెండధ్యాయములను ప్రక్కప్రక్కన పెట్టుకొని చదువుట మా అవ్వ నాకు నేర్పిన అభ్యాసము. యోసేపులిద్దరు; ఇద్దరును స్వప్నద్రష్టలు; ఇద్దరి దారియు ఐగుప్తునకే.

వేకువజామున వచ్చిన కల నిజమగుననియు, దానిని కనబడినవారికెల్ల చెప్పరాదనియు అవ్వ అనుచుండెడిది. పదునేడేండ్ల యోసేపు ఆ జాగ్రత్త యెఱుగక, తన పన యెదుట అన్నల పనలు సాగిలపడినవని వారితోనే చెప్పి, ఇరువది వెండి నాణెములకు అమ్ముడుపోయెను. ఆ కల ఫలించుటకు ఇరువదేండ్లకు పైగా పట్టినది. కలలో వంగినవి పనలు. కడకు అన్నలను అతని యెదుట వంగజేసినదియు ధాన్యమే.

ఏడు బలిసిన ఆవులను ఏడు చిక్కిన ఆవులు మ్రింగిన ఫరో కలను ఆదోని ప్రాంతపు రైతునకు ఎవ్వరును విప్పి చెప్పనక్కఱలేదు. ఈ తాలూకా బళ్ళారి జిల్లాలో నుండిన కాలమున, 1876లో మొదలైన ధాత కరువును గూర్చి అవ్వ తన తల్లివలన విన్నది నేను అవ్వవలన వింటిని. నల్లరేగడి పల్లెలలో నేలను గొయ్యి తీసి, లోపల గడ్డి పఱచి, జొన్నలు పోసి, మీద మట్టి కప్పి పాతర వేసెడివారు. తెఱచిన నాడు లోపలి చెడుగాలి పోవువఱకు అందులోనికి ఎవ్వరిని దిగనిచ్చెడివారు కారు. యోసేపు ఫరో కలకు అర్థము చెప్పుట నాలుగు మాటలలో ముగిసినది. పంటలో ఐదవ పాలు ఏడేండ్లపాటు పట్టణపట్టణమునను కూర్చుట మిగిలినది. అతని జ్ఞానము నాకు ఈ రెండవ పనియందే ఎక్కువగా గోచరించును. మాటతో ఆగక ఏర్పాటును నిలిపిన పనియే గనుక, 1938లో మాచాని సోమప్పగారు మా ఊర నేతగాండ్రకు సహకార సంఘమును నెలకొల్పిన సంగతి ఈ ఘట్టము చదివినప్పుడెల్ల జ్ఞప్తికి వచ్చును.

మత్తయి చెప్పిన యోసేపు వడ్రంగి. సువార్తలలో అతని నోట ఒక్క మాటయు లేదు. నాలుగు మార్లు కలలో ఆజ్ఞ పొందును, నాలుగు మార్లును లేచి ఆ ప్రకారము చేయును. ఆ నడక కడపట మత్తయి ప్రవక్తల వాక్యమును పెట్టి, అది నెరవేరెనని వ్రాయును. ఐగుప్తునుండి పిలువబడిన కుమారుని గూర్చి హోషేయ చెప్పినది ఏనాడో జరిగిన ఇశ్రాయేలీయుల విడుదలయే గాని జరుగబోవు సంగతి కాదని పండితులు చూపుదురు, అది సత్యమే. అయినను మగ్గము చెంత పెరిగినవానికి అందు విరోధము తోచదు. పడుగు ముందుగనే సాగియుండును. పేక పడిన పిదప గాని దానిమీద ఏ అంచు, ఏ పువ్వు తేలునో తెలియదు. హోషేయ సాచినది పడుగు. పసిబిడ్డతో చీకటిలో ఐగుప్తునకు సాగిన యోసేపు ప్రయాణము పేక.

ఒక్క చోట మాత్రము నాకు ఈ ఉపమానము చాలదు. హేరోదు బేత్లెహేము శిశువులను చంపించినప్పుడు, యిర్మీయా చెప్పిన రాహేలు రోదనము నెరవేరెనని మత్తయి వ్రాసెను. యోసేపునకు కల వచ్చినది. ఆ ఊరి తక్కిన తండ్రులకు రాలేదు. ఏల రాలేదని నేను పండ్రెండేండ్లనాడు అవ్వ నడిగితిని. ధాత కరువులో ఆమె తల్లి ఇద్దరు బిడ్డలను మట్టిపాలు చేసినది. అవ్వ బదులు చెప్పలేదు. ఆ వచనముపై వ్రేలుంచి, వీధిలోని నాడె చప్పుడు వినుచు చాలసేపు కూర్చుండి, మరల రాహేలు పేరునుండి చదువ నారంభించినది.