గొదోదిన్: ఓడినవారి కావ్యం

క్రీ.శ. 410 ప్రాంతంలో రోమన్ పాలన ముగిశాక బ్రిటన్‌లో స్థానికుల చిన్న రాజ్యాలు తలెత్తాయి. సముద్రం దాటి వచ్చిన ఆంగ్లులు తూర్పు తీరం నుంచి వాటిని క్రమంగా ఆక్రమించారు. ఆ ప్రతిఘటనను స్మరించే వెల్ష్ కావ్యం 'గొదోదిన్'. దీనిని అనైరిన్ కవికి ఆపాదిస్తారు. 600 ప్రాంతంలో నేటి ఎడిన్‌బరో వైపు వీరులు దక్షిణాన కట్రాయిత్‌పై దండెత్తారు. అది యార్క్‌షైర్‌లోని కాటెరిక్ అని చాలామంది పండితుల అభిప్రాయం. దాదాపు అందరూ మరణించారు.

దీనిని యుద్ధ నివేదికగా చదవకండి. పోరు ఎలా సాగిందో కవి వరుసగా చెప్పడు. చాలా పద్యాలు ఒక్కొక్క వీరునికి నివాళులు. బతికినవాడు ఒక్కడని ఒకచోట, ముగ్గురని మరోచోట ఉంటుంది. పైగా మనకు దొరికిన రాతప్రతి 13వ శతాబ్దానిది.

కావ్యం బలమంతా తేనె మద్యం ప్రస్తావనలో ఉంది. ప్రభువు కొలువులో ఏడాదిపాటు తాగిన మద్యానికి వీరులు ప్రాణాలతో వెల చెల్లించారంటాడు కవి. తిన్న ఉప్పు ఋణం తీర్చుకోవడమనే మన భావనకు ఇది దగ్గరే. కాని ఆ విందునే అతడు విషమని కూడా అంటాడు. అందుకే దీనిని కేవలం ప్రభుభక్తి గీతమనే వ్యాఖ్యను నేను అంగీకరించలేను. మీరు చదివేటప్పుడు ఆ 'విషం' అనే మాట దగ్గర కాసేపు ఆగండి.